ఏడాదిన్నర బాబు, ఐదేళ్ల పాపతో కారవాన్‌లో సముద్రం వెంబడి పది రోజులు... వర్కవుట్ అవుద్దా?

నిద్రలేని అమ్మ:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే కానీ రాయడం ఇదే ఫస్ట్ టైమ్, పొడుగైపోతే ఏమనుకోకండి.

మాకు ఇద్దరు పిల్లలు, పాపకి ఐదేళ్లు, బాబుకి ఏడాదిన్నర. మా ఆయనకి ఎప్పట్నుంచో కారవాన్ పిచ్చి, రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో ఆ వీడియోలే చూస్తూ కూర్చుంటారు, చివరికి ఈసారి సెలవులకి ఒకటి అద్దెకి తీసుకుని సముద్రం పక్కనుంచే పది రోజులు తిరిగొద్దాం అని డిసైడ్ అయిపోయారు. కారు వెనక తగిలించి లాక్కెళ్లే రకం కాదు, ఇంజన్ దానికే ఉండే రకం. నలుగురు పడుకోవచ్చంట, స్టవ్ ఫ్రిజ్ టాయిలెట్ అన్నీ లోపలే అంట. ఆయన వేసిన ప్లాన్ ఏంటంటే రోజుకో బీచ్, రోజుకి నాలుగైదు గంటల డ్రైవింగ్. "పిల్లలు వెనక బెడ్ మీద ఆడుకుంటూ వచ్చేస్తారు, దారి తెలీనే తెలీదు" అంటున్నారు.

నాకైతే ఆ ప్లాన్ చూసిన దగ్గర్నుంచి గుండె దడగా ఉంది. బాబు ఇప్పుడిప్పుడే పరుగులు నేర్చాడు, నీళ్లు కనబడితే ఆగడు, బకెట్ కనబడినా తల పెట్టేస్తాడు. పాప ఏమో కార్లో గంట దాటితే వాంతి. రాత్రుళ్లు వీడు రెండుసార్లు లేస్తాడు, వీడు లేస్తే అది లేస్తది, అంత చిన్న డబ్బాలో నలుగురం అంటే ఇక జాగారమే.

ఇంతకీ నా డౌట్లు ఏంటంటే, నిజంగా పిల్లల్ని బెడ్ మీద పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చా, రోజుకి ఎంత దూరం అయితే ఓకే, నీళ్లు కరెంటు ఎన్ని రోజులు వస్తాయి, బీచ్‌లో ఇద్దర్నీ ఎలా కనిపెట్టుకోవాలి, ఇంకా నాకు తట్టనివి ఏమున్నాయి. మానేయండి అని మాత్రం చెప్పకండి ప్లీజ్, అడ్వాన్స్ కట్టేశాం.


ముగ్గురు కోతుల నాన్న:

అమ్మా ముందు ఆ బెడ్ సంగతి. అస్సలు వద్దు. బండి కదులుతున్నంతసేపు ప్రతి మనిషీ సీట్లో, బెల్టులో. గట్టిగా ఒక్క బ్రేక్ కొడితే బెడ్ మీదున్న పిల్లాడు ముందు అద్దం దాకా వస్తాడు. మీ వారికి ఇది నా మాటగా చూపించండి, నేను కూడా అలా అనుకున్నవాణ్ణే. లాక్కెళ్లే రకం కారవాన్‌లో అయితే నడిచేటప్పుడు లోపల మనిషి అనేవాడే ఉండకూడదు.

అడ్వాన్స్ కట్టేశారు సరే, కానీ వెనక సీట్లు ఎటు చూస్తున్నాయో అడిగారా? ముందుకి చూసే సీటు, దానికి మూడు పాయింట్ల బెల్టు (భుజం మీంచి, నడుం మీంచి వచ్చేది), ఇవి రెండూ ఉంటేనే చైల్డ్ సీట్ పెట్టగలరు. పక్కకి తిరిగి ఉండే సోఫా మీద పెట్టకూడదు. ఐసోఫిక్స్ కొక్కేలు, అదే చైల్డ్ సీటుని బెల్టు లేకుండా నేరుగా బండికి తగిలించేవి, చాలా కారవాన్లలో ఉండవు, సీటు కింద ఉత్త చెక్క పెట్టె ఉంటుంది, కాబట్టి బెల్టుతో బిగించే టైప్ సీటు కావాల్సి రావచ్చు. మీ సీటు తీసుకెళ్లి ఒకసారి దాంట్లో బిగించి చూసుకోండి, ఫోన్‌లో "అన్నీ పడతాయండి" అంటారు, మాకు అలాగే అన్నారు, తీరా బయల్దేరే రోజు పొద్దున్న చూస్తే బెల్టు అర జానెడు పొట్టి! రెండు గంటలు ఎండలో నిలబడి వేరే సీటు తెప్పించుకున్నాం. మీ బాబు వయసుకి వెనక్కి తిరిగి కూర్చునే చైల్డ్ సీటే సేఫ్. అదే డ్రైవర్ పక్క సీట్లో పెట్టాలనుకుంటే మాత్రం ఎయిర్‌బ్యాగ్ ఆపేయకుండా పెట్టొద్దు.

ఇక దూరం. మా మొదటి ట్రిప్‌లో మేం కూడా హీరోల్లా ఏడు రోజుల్లో ఆరు చోట్లు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ ట్రిప్ గురించి నాకు గుర్తున్నదల్లా పార్కింగులు. కారైతే తలుపేసి బయల్దేరతాం, ఇది ఇల్లు అండీ, ఇల్లు కదిలించాలంటే గిన్నెలు సర్దాలి, ఆరేసిన బట్టలు తియ్యాలి, మురికి నీళ్లు వదలాలి, మంచి నీళ్లు పట్టాలి, పిల్లల్ని కట్టాలి, అప్పుడు ఒకడు పాస్ అంటాడు, మళ్లీ విప్పాలి. బయల్దేరడానికి గంటన్నర, చేరాక సెట్ చేసుకోడానికి ఇంకో గంట. దానికి నాలుగైదు గంటల డ్రైవింగ్ కలిపితే మీకు బీచ్‌కి మిగిలేది సాయంత్రం అరగంట.

నా మాట వింటే పది రోజులకి మూడు చోట్లు, ఒక్కో చోట మూడు రాత్రులు. మారే రోజున రెండు గంటల డ్రైవ్, అది కూడా బాబు మధ్యాహ్నం నిద్ర టైమ్‌కి సరిపోయేలా. అంత చిన్నవాళ్లని రెండు గంటలకి మించి ఒకే సీట్లో కట్టేసి ఉంచొద్దు, మధ్యలో దించి కాసేపు ఆడించాలి.

పాప వాంతికి: ముందుకి చూసే సీటు, ముందు రోడ్డు కనబడేలా. బొమ్మల పుస్తకం, ట్యాబ్ చేతికివ్వొద్దు, కింద చూస్తే ఇంకా తిప్పుతుంది. కడుపు మరీ ఖాళీగా వద్దు, నిండుగా వద్దు. ఒక మూత ఉన్న డబ్బా చేతికి అందేలా పెట్టుకోండి, కవర్లకి చిల్లులుంటాయి, అనుభవంతో చెప్తున్నా.


ఇంట్లోనే హాయి:

తిట్టుకోకండి కానీ నాదొక మాట. ఏడాదిన్నర పిల్లాడికి పది బీచ్‌లు అయినా ఒక బీచ్ అయినా ఒకటే, వాడికి ఇసుక, చెంబు ఉంటే చాలు. కారవాన్ అంటే ఫొటోలో బాగుంటుంది, తలుపు తీస్తే సముద్రం, చేతిలో కాఫీ. ఆ ఫొటో తీసిన రెండో నిమిషంలో ఎవడో ఒకడు ఆ కాఫీ తన్నేస్తాడు. వంట మీరే, గిన్నెలు మీరే, పక్కలు మీరే, అది కూడా మీ వంటింట్లో పదో వంతు జాగాలో. దీన్ని సెలవు అని ఎందుకంటారో నాకర్థం కాదు. సముద్రం దగ్గర ఒక రూమ్ తీసుకుని పది రోజులు కదలకుండా ఉండండి. వెళ్లాలనే ఉంటే కనీసం ఆఖరి రెండు రోజులన్నా రూమ్‌లో ఉండి స్నానాలు చేసి బట్టలు ఉతుక్కుని ఇంటికెళ్లండి.


పాత డ్రైవర్:

పై తమ్ముడు మానేయమన్నాడు గానీ ఆఖర్లో రూమ్ అన్నది మాత్రం మంచి సలహా. నేను బండి సంగతులు చెప్తా, చాదస్తం అనుకున్నా సరే.

తాళాలు తీసుకునే రోజు హడావుడి పడొద్దమ్మా. వాళ్లు పది నిమిషాల్లో చూపించేసి పంపిద్దామని చూస్తారు. మీ ఆయన్ని ఫోన్‌లో మొత్తం వీడియో తియ్యమను, నీళ్లు ఎక్కడ పట్టాలి, మురికి నీళ్ల వాల్వ్ ఏది, గ్యాస్ ఎక్కడ కట్టాలి, ఫ్యూజులు ఎక్కడ, టాయిలెట్ డబ్బా ఎలా లాగాలి. రాత్రి పదింటికి లైట్లు ఆరిపోతే ఆ వీడియోనే దిక్కు. టైర్లు చూడండి, గాలి ఒక్కటే కాదు, టైరు పక్కన నాలుగంకెల నంబర్ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. కారవాన్లు ఎక్కువ కాలం నిలబడే ఉంటాయి కాబట్టి టైర్లు అరగవు, పైకి కొత్తగానే కనబడతాయి, కానీ లోపల రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది.

బండి ఎత్తు ఎంతో కాయితం మీద పెద్దక్షరాలతో రాసి స్టీరింగ్ ఎదురుగా అతికించుకోండి. మూడు మీటర్ల దగ్గర్లో ఉంటుంది. కారు అలవాటున్న చెయ్యి కదా, పార్కింగ్ కమాను కింద, చెట్టు కొమ్మ కింద దూర్చేస్తారు. అలాగే బరువు. లీటరు నీళ్లంటే కేజీ, వంద లీటర్ల ట్యాంకు నింపితే వంద కేజీలు ఎక్కినట్టే. చాలా దేశాల్లో మామూలు కారు లైసెన్సు మీద 3,500 కేజీల వరకే నడపనిస్తారు, అందుకని చాలా కారవాన్లు ఆ గీత దగ్గరే ఆగి ఉంటాయి, నలుగురు మనుషులు, సామాన్లు, సైకిళ్లు ఎక్కేసరికి దాటేస్తాయి. బరువైనవి కింద, చక్రాల మధ్యలో సర్దాలి. పై అరల్లో బట్టలు, బ్రెడ్డు లాంటివే.

కరెంటు లెక్క చెప్తా. వెనక ఉండే బ్యాటరీ 12 వోల్టులు 100 ఆంపియర్ అవర్స్ అనుకో, అంటే 1,200 వాట్ అవర్స్. పాత లెడ్ యాసిడ్ రకమైతే అందులో సగమే వాడాలి, అంతకంటే పిండితే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోద్ది. మిగిలింది 600. చిన్న ఫ్యాను 30 వాట్లు, రాత్రంతా ఎనిమిది గంటలు తిరిగితే 240 పోయింది. కంప్రెసర్ ఫ్రిజ్ ఉంటే మిగతాది అది తాగేస్తుంది. ఏసీ వెయ్యి వాట్లు లాగేదైతే అరగంటకి బ్యాటరీ ఖాళీ. కాబట్టి పిల్లలకి రాత్రి ఏసీ కావాలంటే బయట ప్లగ్గు ఇచ్చే క్యాంప్ సైట్‌లోనే ఆగాలి, బీచ్ ఒడ్డున ఏకాంతం అనేది మీ ఆయన వీడియోల వరకే. ఆ బయటి నుంచి వచ్చే కేబుల్ చుట్ట మొత్తం విప్పి వాడండి, చుట్ట మీదే ఉంచి ఎక్కువ లోడ్ లాగితే వేడెక్కి కరిగిపోతుంది.

గ్యాస్ విషయం దయచేసి నవ్వులాటగా తీసుకోవద్దు. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందకి దిగుతుంది, అందుకే నేలలో కన్నాలు ఉంటాయి. చలిగాలి వస్తోందనో చీమలు వస్తున్నాయనో వాటిని గుడ్డలు పెట్టి మూసేసేవాళ్లని చూశాను నేను! ముయ్యొద్దు. వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించుకుని కూర్చోవద్దు, బొగ్గుల కుంపటి ఆరినట్టు కనబడినా లోపలికి తేవద్దు, బయట పందిరి గుడ్డ కింద కూడా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే అయిపోద్ది. అలారం ఉందా లేదా చూసి, బటన్ నొక్కి కూత వినండి. నడిచేటప్పుడు సిలిండర్ వాల్వ్ కట్టెయ్యండి.

టాయిలెట్ డబ్బా ఇరవై లీటర్ల లోపే ఉంటుంది, నలుగురికి రెండు రోజులు వస్తే గొప్ప. ఎర్ర లైటు వెలిగిందంటే "ఇంకొక్కసారి" అనుకోవద్దు. తడి వైప్స్ అందులో వెయ్యొద్దు. పారబొయ్యడానికి కట్టిన చోటే పారబొయ్యాలి, ఇసుకలో గొయ్యి తీసి పోసేవాళ్లకి దండం పెడతా.

చివరగా, బండి తీసే ముందు ప్రతిసారీ చుట్టూ ఒక రౌండు కొట్టాలి. పైన కిటికీలు మూశామా, మెట్టు లోపలికి తోశామా, కేబుల్ పీకామా, గ్యాస్ కట్టామా, ఫ్రిజ్ గొళ్లెం పడిందా. మీ పాపకి ఐదేళ్లు కదా, దానికి ఈ డ్యూటీ ఇవ్వండి, బొమ్మలు గీసిన కార్డు ఒకటి చేసిపెట్టండి. పెద్దవాళ్లు మర్చిపోతారు గానీ ఆ వయసు పిల్లలు మర్చిపోరు.


ముగ్గురు కోతుల నాన్న:

బాబాయ్ గారూ అన్నీ కరెక్టే కానీ టాయిలెట్ దగ్గర మా ఇంట్లో రూల్ వేరే. లోపలి టాయిలెట్ రాత్రికి, ఎమర్జెన్సీకి మాత్రమే. పగలంతా క్యాంప్ సైట్‌దే. అలా అయితే డబ్బా మూడు నాలుగు రోజులు వచ్చింది.


పాత డ్రైవర్:

ఐదేళ్ల పిల్లకి అన్నీ ఎమర్జెన్సీలే నాయనా.


నిద్రలేని అమ్మ:

అయ్యో ఇంత ఓపిగ్గా రాశారు, అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆయనకి చదివి వినిపించా. బెడ్ సంగతికి ఏం మాట్లాడలేదు, ఏసీ లెక్కకి మాత్రం మొహం చిన్నబోయింది. సీటు కోసం ఫోన్ చేశాం, వెనక రెండు సీట్లు ముందుకే ఉన్నాయంట, ఎల్లుండి మా చైల్డ్ సీట్లు రెండూ తీసుకెళ్లి చూసొస్తాం. నాలుగు చోట్లకి ఒప్పుకున్నారు, ఇంకొకటి నేను తగ్గిస్తాను.

కానీ అసలు భయం సముద్రం గురించే, దాని గురించి ఎవరూ చెప్పలేదు. నాకు ఈత రాదు. ఆయనకి వచ్చు గానీ స్విమ్మింగ్ పూల్ ఈతే.


అలలతో ఆట:

అక్కా, నేను పిల్లలకి ఈత నేర్పిస్తాను, సముద్రం పక్కనే పెరిగాను. పూల్ ఈత సముద్రంలో సగం కూడా పనిచెయ్యదు, కాబట్టి మీ ఇద్దరికీ ఈత రాదనే లెక్క వేసుకుని ప్లాన్ చేసుకోండి, అది అవమానం కాదు.

మీ వాడి వయసు పిల్లలకి లోతు అక్కర్లేదు. అరడుగు నీళ్లలో బోర్లా పడితే లేవలేరు, అరవరు కూడా. సినిమాల్లో లాగ చేతులు ఊపుతూ కేకలు పెట్టడం ఉండదు, నిశ్శబ్దంగా జరిగిపోతుంది. అందుకే నీళ్ల దగ్గర ఒకటే రూల్, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. "ఇద్దరం చూస్తున్నాం" అంటే ఇద్దరూ చూడట్లేదని అర్థం. మాట్లాడుకుని పిల్లల్ని పంచుకోండి, "ఇప్పుడు బాబు నీవాడు" అని నోటితో చెప్పాలి, మార్చుకునేటప్పుడు మళ్లీ చెప్పాలి. చేతులకి తొడిగే గాలి బుడగలు, నడుముకి రింగులు ఇవి ఆటబొమ్మలే, వాటిని నమ్మి వదలకండి. సైజు సరిపోయే లైఫ్ జాకెట్ కొనండి, చిన్నపిల్లలదైతే కాళ్ల మధ్యనుంచి పట్టీ ఉండాలి, లేకపోతే నీళ్లలో మనిషి కిందకి, జాకెట్ పైకి.

స్విమ్ డ్రెస్ రంగు చూసుకోండి. నీలం, తెలుపు వేస్తే నీళ్లలో కనబడనే కనబడరు. కళ్లు జిగేల్మనే ఆరెంజ్, పింక్ తీసుకోండి. ఇసుకలో తప్పిపోయినా దూరం నుంచే దొరుకుతారు.

లైఫ్ గార్డులు ఉన్న బీచ్ ఎంచుకోండి. ఎరుపు పసుపు రెండు రంగుల జెండాలు రెండు పాతి ఉంటాయి, వాటి మధ్యనే దిగాలి. ఒట్టి ఎర్ర జెండా ఉంటే ప్రమాదం, చాలా చోట్ల దానర్థం అసలు దిగొద్దనే, ఎర్ర జెండాలు రెండు ఎగిరితే నీళ్లు క్లోజ్. ఊదా రంగు జెండా ఉంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని.

ఇప్పుడు ముఖ్యమైనది, రిప్ కరెంట్. ఒడ్డుకి కొట్టిన నీళ్లు మళ్లీ సముద్రంలోకి ఒక సన్న దారి చేసుకుని పోతాయి, అదే ఇది. దీంతో తంటా ఏంటంటే చూడ్డానికి అదే సేఫ్‌గా ఉంటుంది. అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో కనబడుతుంది, పిల్లలున్నవాళ్లు "ఇక్కడ అలలు లేవు" అని సరిగ్గా అక్కడే దిగుతారు. అది గట్టిదైతే సెకనుకి రెండు మీటర్ల స్పీడు కూడా దాటుతుంది, ఎంత ఈతగాడైనా ఎదురీదలేడు. పట్టుకుంటే ఒడ్డు వైపు కొట్టుకోవద్దు, వెల్లకిలా తేలాలి, చెయ్యి ఎత్తాలి, ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. అది లోపలికి లాక్కెళ్తుంది గానీ కిందకి లాగదు. మీ ఆయనకి ఇది కచ్చితంగా చెప్పండి: పిల్ల కొట్టుకుపోతుంటే ఉత్త చేతుల్తో దూకెయ్యొద్దు, తేలేది ఏదో ఒకటి పట్టుకునే వెళ్లాలి, లైఫ్ గార్డుని కేకేసి మరీ వెళ్లాలి. కాపాడబోయి పోయినవాళ్ల కథలు సముద్రం పక్క ఊళ్లలో బోలెడు.

ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీచే రోజు నీళ్లు చదునుగా భలే ముద్దుగా ఉంటాయి. ఆ రోజు గాలి బొమ్మలు, తెప్పలు బయటికి తియ్యొద్దు. ఒక్క నిమిషంలో బొమ్మ మీదున్న పిల్లతో సహా పోతుంది.

ఆటుపోట్లు కూడా చూసుకోండి, చాలా చోట్ల ఒక పోటుకి ఇంకో పోటుకి మధ్య 12 గంటల 25 నిమిషాలు, అంటే రోజూ ఒక 50 నిమిషాలు ఆలస్యంగా వస్తూ ఉంటుంది. అమావాస్య పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ ఎక్కుతుంది. నిన్న పొడిగా ఉన్న చోటే కదా అని కారవాన్ ఇసుక మీదకి తీసుకెళ్లొద్దు, అసలు ఇసుక మీదకే వద్దు, అంత బరువు బండి దిగబడితే యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఇంకా కూరుకుపోద్ది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ఇసుకలో గోతులు. పిల్లల్లో పొట్టివాళ్ల మోకాలి కంటే లోతు తవ్వనివ్వకండి, సొరంగాలు అసలు వద్దు. పొడి ఇసుక ఒక్కసారిగా కూలితే పైకి ఏ గుర్తూ ఉండదు. సాయంత్రం వెళ్లేటప్పుడు గొయ్యి పూడ్చి వెళ్లండి.


చాయ్ చల్లారింది:

అక్కా మేము పోయినప్పుడు మా చిన్నోడికి రెండేండ్లు. నిద్ర గురించి అడిగినవ్ గదా, అది చెప్త.

మొదటి రాత్రి మస్తు పరేషాన్ అయినం. కొత్త జాగ, అల్మారా లెక్కున్న బెడ్డు, పొద్దుగాల ఐదింటికే వెలుతురు లోపటికి వచ్చి మీద పడ్డది, ఇద్దరు లేసి కూసున్నరు. రెండో రోజు కిటికీలకు మందం నల్లగుడ్డ క్లిప్పులు పెట్టి కట్టిన, ఏడింటి దాక పండిన్రు. ఇంట్ల కప్పుకునే దుప్పటే తీస్కపో, ఉతకకుండ తీస్కపో, ఆ వాసనకే పండుకుంటరు. ట్రిప్పుకు ముందు ఒక రాత్రి ఇంటి ముంగట్నే బండి ఆపుకుని అండ్లనే పడుకుని చూడుండ్రి, ఏం తక్కువైందో ఆడ్నే తెలుస్తది.

పైన డ్రైవర్ నెత్తి మీద ఉండే బెడ్డుకు పిల్లలను ఎక్కియ్యకు. ఆరేండ్లలోపు పిల్లలకు పై మంచం వద్దు అంటరు. మీద నువ్వు, మీ ఆయన పండుకోన్రి, లేకుంటె ఒకరు కింద పిల్లలతోని. కింద బెడ్డుకు గూడ వల కట్టుండ్రి. రాత్రి తలుపు లోపట్నుంచి చిన్నోనికి అందకుండ ఇంకో గొళ్లెం చూస్కో, మావోడు ఒకసారి పొద్దుగాల ఒక్కడే తలుపు తీసి మెట్టు మీద కూసున్నడు, నాకు ఇప్పటికీ యాదికొస్తె గుండె ఆగినట్లైతది.

ఇసుక ఎట్లైన వస్తది, ఆపలేవు. కానీ తలుపు కాడ ఒక వెడల్పు టబ్బుల నీళ్లు, పక్కన పాత తువ్వాల. కాళ్లు అండ్ల ముంచి తుడుస్కునే ఎక్కాలె. తడి మీద ఇసుక తుడిస్తె పిల్లల తోలు మంట పుడ్తది, ఆరినంక మెత్తటి బ్రష్షుతోని దులుపు. చీపురు చిన్నది ఒకటి పెట్టుకో, ముఖ్యంగ తలుపు జారే పట్టాల ఇసుక పడితె తలుపు బిగుసుకపోతది.

ఎండకు సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 గాని పైది గాని, పోయే ముందు పావుగంటకే రాయి, రెండు గంటలకొకసారి మల్ల, నీళ్లల్లకెళ్లి వచ్చినప్పుడల్ల మల్ల. పొడుగు చేతుల అంగీ ఏసుడు ఇంకా నయం, కొట్లాట లేకుండ. పగటి పూట పన్నెండు నుంచి మూడు దాక బీచ్ ముఖమే చూడకున్రి, పొడి ఇసుక పెనం లెక్క కాలుతది. ఆ టైముల బండి తలుపులు మూసి పిల్లలను లోపట ఒక్క నిమిషం గూడ ఇడ్సిపెట్టకు, డబ్బా లెక్క ఉడుకుతది.


నిద్రలేని అమ్మ:

వెళ్లి నిన్ననే వచ్చాం. మీరంతా అంత రాసి పెట్టారు కాబట్టి ఎలా అయిందో చెప్పడం నా బాధ్యత.

మూడు చోట్లే తిరిగాం. నాలుగోది మా ఆయనే క్యాన్సిల్ చేశారు, రెండోసారి సామాను సర్దాక. ఇంటి ముందు ఒక రాత్రి పడుకుని చూడమన్న సలహా బంగారం, బాబు తల కొట్టుకునే మూలలు మూడు అక్కడే తెలిసిపోయాయి, స్పాంజి అంటించేశాం.

మొదటి రోజు ఫ్రిజ్ గొళ్లెం సరిగ్గా పడలేదు. మొదటి మలుపులోనే తలుపు తెరుచుకుని రెండు లీటర్ల పాలు, సగం కోసిన పుచ్చకాయ నేల మీదకి వచ్చేశాయి. బండి ఆపడానికి చోటు లేదు, అవి అటూ ఇటూ దొర్లుతుంటే పాప సీట్లోంచి కామెంటరీ, "అమ్మా పుచ్చకాయ ఇప్పుడు డాడీ దగ్గరికి వెళ్తోంది". ఆ పాలు మ్యాట్ కిందకి పోయాయి, మూడో రోజుకి ఆ వాసన ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఆ దెబ్బకి కార్డు డ్యూటీ పాపకి ఇచ్చాం, ఆరు బొమ్మలు గీశాను. బాబాయ్ గారూ మీరన్నది నిజం. రెండో చోట నుంచి బయల్దేరుతుంటే "మెట్టు! మెట్టు!" అని ఒకటే అరుపు, దిగి చూస్తే మెట్టు బయటే ఉంది, ఎదురుగా రాతి గట్టు. అద్దె బండి మెట్టు విరిగి ఉంటే మా డిపాజిట్ మొత్తం దానికే పోయేది.

నీళ్లు ఒకసారి అయిపోయాయి, సరిగ్గా బాబు ఒళ్లంతా సబ్బు ఉన్నప్పుడు. తాగే నీళ్ల బాటిళ్లతో కడిగాను. ఆ తర్వాత నుంచి స్నానాలు క్యాంప్ సైట్‌లోనే. టాయిలెట్ లైటు విషయంలో మాత్రం మా ఆయన "ఇంకొక్కసారి" అన్నారు. ఆయనే కడిగారు.

సముద్రంలో బాబుని చెయ్యి వదల్లేదు. రెండో బీచ్‌లో మొదటి రోజంతా ఎర్ర జెండా ఉంది, పాప గంటసేపు ఏడ్చింది, జెండా దగ్గరే కూర్చుని "ఎప్పుడు తీస్తారు" అని లైఫ్ గార్డుని అడుగుతూ. మీరు చెప్పిన ముదురు రంగు పట్టీ ఆ రోజే చూశాను, ఆయనకి చూపిస్తే "ఇదేంటి ఇక్కడ బాగుంది కదా" అన్నారు. నాకు ఒళ్లు జలదరించింది, మీరు రాసి ఉండకపోతే నేనూ అదే అనేదాన్ని. "ఇప్పుడు బాబు నీవాడు" అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది, పొద్దున్న ఆయన స్నానానికి వెళ్తూ కూడా అదే అన్నారు.

నిద్ర? మొదటి రెండు రాత్రులూ జాగారమే. మూడో రాత్రి నుంచి నల్లగుడ్డ పనిచేసింది. ఒక మధ్యాహ్నం మాత్రం వాన పట్టుకుంది, ఎటూ వెళ్లలేం, నలుగురం కింద బెడ్ మీద పడుకున్నాం, రేకు మీద వాన చప్పుడు, ఐదు నిమిషాల్లో ముగ్గురూ నిద్రపోయారు. నేను పడుకోలేదు, కిటికీ గుడ్డ కొంచెం తీసి సముద్రం వైపు చూస్తూ ఉన్నా.

ఆఖరి రెండు రాత్రులు రూమ్ తీసుకున్నాం, "ఇంట్లోనే హాయి" గారికి థ్యాంక్స్.

ఒక్క డౌట్ మిగిలింది. మా సొంత దిండ్లు, బాబు పరుపు తీసుకెళ్లాం కదా, వాటికి ఉప్పు గాలి, తడి ఇసుక కలిసి ఒకలాంటి ముక్కిపోయిన వాసన పట్టేసింది, రెండుసార్లు ఎండలో వేసినా పోవట్లేదు. ఏం చెయ్యాలి?


చాయ్ చల్లారింది:

ఇసుక ముందు మంచిగ దులుపు, ఉప్పు లోపలుంటె మల్ల మల్ల తేమ గుంజుతది. దిండ్ల గలేబులు మంచినీళ్లల్ల నానబెట్టి ఉతుకు. పరుపు మీద తినే సోడా చల్లి రాత్రంత ఉంచి పొద్దుగాల వ్యాక్యూమ్ కొట్టు, అప్పుడు ఎండల ఎయ్యి, రెండు దిక్కులా.


పాత డ్రైవర్:

ఆ పాలు పోయిన మ్యాట్ సంగతి బండి తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్లకి చెప్పారా లేదా అమ్మా?


నిద్రలేని అమ్మ:

చెప్పాం బాబాయ్ గారూ. చెప్పేలోపే వాళ్లు తలుపు తీశారు.